జీవశాస్త్రజ్ఞుల కంప్యూటరు బడి

సెప్ట్2 అనేది ఒక మానవ జన్యువు పేరు. ఎక్సెల్‌లో టైపు చేస్తే సెప్టెంబరు 2గా మారిపోయేది. ఈ గోల మీద 2004లోనే పరిశోధన వ్యాసం వచ్చింది. చివరికి 2020లో, జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘంవాళ్ళు ఇక లాభం లేదని ఆ జన్యువు పేరునే సెప్టిన్2 అని మార్చుకున్నారు. మాబోటి సాఫ్ట్‌వేరువాళ్ళకి ఇది నవ్వులాట. ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగం ఫలితాలు ఒక స్ప్రెడ్‌షీటులో పాడైనవాడికి మాత్రం కాదు. జీవశాస్త్రం చదివినవాళ్ళకి కంప్యూటరు నేర్పాలి సరే, దేశం మొత్తానికి ఆ పని ఎవరు చూడాలి?

ఈ విషయంలో ముందు మేలుకున్నది నేనుంటున్న కెనడా కాదు, మన దేశమే. 1986లో ఏర్పడిన కేంద్ర బయోటెక్నాలజీ శాఖ వెంటనే, 1986-87లోనే, జాతీయ స్థాయి బయోఇన్ఫర్మేటిక్స్ నెట్‌వర్కు మొదలుపెట్టింది. పుణె, ఢిల్లీ జేఎన్‌యూ, మదురై కామరాజ్ లాంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి. అప్పటికి బ్లాస్ట్ ఇంకా పుట్టనే లేదు. ఇవాళ ప్రతి విద్యార్థీ మొదట నేర్చుకునే ఆ వెతుకులాట ప్రోగ్రాము వచ్చింది 1990లో. జన్‌బ్యాంకు డేటా మాగ్నెటిక్ టేపుల మీద పంపిణీ అయ్యే కాలం అది. అంత ముందుచూపు!

తరవాత మన హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, ఎంబ్‌నెట్ అనే అంతర్జాతీయ నెట్‌వర్కుకి భారత కేంద్రమయింది. కానీ సీడీఎఫ్‌డీ ఉన్న ఊళ్ళోనే అమీర్‌పేట కూడా ఉంది కదా. 2000 జూన్‌లో మానవ జన్యుపటం చిత్తుప్రతి ప్రకటించారు, అదే ఏడాది డాట్‌కామ్ బుడగ పేలింది. ఇంకేం, జావా బోర్డుల పక్కన బయోఇన్ఫర్మేటిక్స్ బోర్డులు లేచాయి. జువాలజీలో ఎమ్మెస్సీ చేసిన మా దూరపు బంధువు ఒకతను అప్పుచేసి ఒక కోర్సులో చేరాడు. బ్లాస్ట్ బొత్తాం నొక్కడం నేర్పారు. వచ్చిన జవాబు పక్కనుండే ఈ-వాల్యూ అంటే ఏమిటో, అంటే అంత మంచి పోలికలు కాకతాళీయంగానే ఎన్ని దొరకొచ్చో, చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు. ఆ తరవాత మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేరాడు లెండి.

2005లో బయోటెక్నాలజీ శాఖ బింక్ అనే జాతీయ అర్హత పరీక్ష పెట్టింది, నిర్వహణ పుణె విశ్వవిద్యాలయానికి అప్పగించింది. మంచిదే. కానీ పరీక్ష నేర్చుకున్నవాణ్ణి గుర్తిస్తుందే తప్ప, నేర్పదు.

కెనడాలో కెనడియన్ బయోఇన్ఫర్మేటిక్స్ వర్క్‌షాప్స్ మొదలైంది 1999లో, అంటే మనకన్నా పుష్కరం వెనక. దీన్ని నడిపినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ వెలెట్. అంతకుముందు అమెరికాలో జన్‌బ్యాంకు పనులు చూసినవాడు. వీళ్ళు ఊరూరా కేంద్రాలు కట్టలేదు. వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే శాస్త్రజ్ఞుల్నే పోగుచేసి, పాఠాన్ని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తీసుకెళ్ళారు. మొదట్లో వారాల కోర్సులు, తరవాత్తరవాత రెండు మూడు రోజులవి. అల్బర్టానుంచి డేవిడ్ విషార్ట్ మెటబోలోమిక్స్ చెబితే, టొరాంటోనుంచి గ్యారీ బేడర్ జన్యువుల నెట్‌వర్కుల విశ్లేషణ చెప్పాడు.

ఇక్కడ నాకు ముచ్చటేసేది పాఠాలకన్నా వాటి వెనకున్న చాకిరీ. పాఠాలు చెప్పేవాళ్ళంతా తలా ఒక చోట ఉద్యోగం చేసేవాళ్ళే. వాళ్ళ తేదీలు కుదర్చాలి. ఎవరికి ఎంత వచ్చో ముందే కనుక్కోవాలి. ముప్ఫై లాప్‌టాపుల్లో ఒకే ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేయించడమంటే ఏమిటో క్లయింటు దగ్గర ట్రెయినింగ్ ఇచ్చినవాణ్ణెవణ్ణయినా అడగండి, మొదటిపూట అక్కడే తెల్లారిపోతుంది! తరవాతి రోజుల్లో అమెజాన్ క్లౌడులో యంత్రాలు సిద్ధంగా పెట్టి ఇచ్చి ఆ బాధ తప్పించారు.

ఇంత తాపత్రయం దేనికంటారా? 2003లో ఇక్కడ సార్స్ వచ్చింది. కెనడాలో 44 మంది పోయారు. టొరాంటో రోగినుంచి తీసిన వైరసుని ఏప్రిల్‌లో వాంకూవర్ జీనోమ్ సైన్సెస్ సెంటరువాళ్ళు చదివేశారు, 29,751 అక్షరాలు. టార్2 అని పేరుపెట్టి అందరికీ అందుబాటులో ఉంచారు. రోగి ఒక ఊళ్ళో, యంత్రం మూడువేల కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో. ఆ అక్షరాలు చూసి అర్థం చేసుకోగలవాళ్ళు మాత్రం రెండు చోట్లా ఉండాలి.

అన్నట్టు, ఈ వర్క్‌షాపుల పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. మా బంధువు చేరిన చోట జిరాక్సు నోట్సుకి కూడా విడిగా వసూలు చేశారట.