ఎన్ని చుట్లకోసారి?

విజయవాడ ఆటోనగర్. పక్క షెడ్డులో లారీ కమాన్‌కట్టల మీద సమ్మెట దెబ్బలు, ఎదురుగా గ్రైండరు మోత. ఇంత గోలలో మీ బండిలో పుట్టే ఓ చిన్న ‘టక్కు’ను పట్టుకోవాలి. మీరు మాత్రం తేల్చి చెప్పేస్తున్నారు: “ఇంజన్లోంచే వస్తోంది, మేస్త్రీ.”

ఆయన ఇంజను వైపు కన్నెత్తి చూడడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, “మీరు నడపండి, నేను వెనక కూచుంటా” అంటాడు.

షెడ్ల వెనక ఖాళీ దారి. మూడో గేరు, నలభై స్పీడు. టక్... టక్... టక్. ఎడమ అరికాలికి ఫుట్‌రెస్టులో కూడా తెలుస్తోంది. యాక్సిలరేటరు వదిలి మళ్ళీ తిప్పినప్పుడల్లా కింద ఎక్కడో ‘డొక్కు’మని ఇంకో చప్పుడు. “అది వేరే. దాని సంగతి తర్వాత. ఇప్పుడు క్లచ్చు పట్టండి.”

పడతారు. ఇంజను మోత దిగిపోతుంది, టక్కు దిగదు. “న్యూట్రల్ చేసి ఇంజను ఆపేయండి.” ఇప్పుడు మిగిలింది టైరు దొర్లే చప్పుడూ, గాలీ, అదే టక్కు. వేగం తగ్గేకొద్దీ టక్కుకూ టక్కుకూ మధ్య ఎడం పెరుగుతోంది. పిస్టనూ, వాల్వులూ, క్లచ్చు ప్లేట్లూ అన్నీ ఆగిపోయి ఉన్నాయి కదా! రోడ్డుతోపాటు తిరిగేవి ముఖ్యంగా చక్రాలు, చైను, ముందు చైన్‌పాకెట్ అనే పళ్ళచక్రం, దాన్ని మోసే షాఫ్టు. అనుమానితుల జాబితా సగానికి పైగా చిరిగిపోయింది, ఇంకా పానా చేత్తో పట్టుకోకుండానే.

షెడ్డుకొచ్చాక డబుల్ స్టాండు. కుర్రాడు చైన్ కవరు విప్పి, ఇంజను స్టార్ట్ చేసి గేరు వెయ్యబోతాడు. మేస్త్రి గొంతు లేస్తుంది: “ఒరేయ్, వేళ్ళు లెక్కపెట్టుకున్నావా?” ఇంజను తిప్పుతున్న చైను దగ్గర గుడ్డ పెట్టి వేలు పోగొట్టుకోవడం ఈ పనిలో కొత్తేమీ కాదు. చక్రం చేత్తోనే తిరగాలి.

సుద్దముక్కతో టైరు మీద ఒక గీత, చైను మీద ఒక గీత. “మీరు చుట్లు లెక్కపెట్టండి. నేను చప్పుడు వింటా.” పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇరుసు పక్కన ఆనించి, పిడి చెవికి నొక్కుకుంటాడు. కుర్రాడు నెమ్మదిగా తిప్పుతాడు. బేరింగులో గరగర లేదు. టైరును రెండు చేతులతో పట్టి పక్కలకు ఊపితే కదలిక లేదు. ఇది చాలామంది షాపువాళ్ళు చెయ్యని పని. చప్పుడు అనగానే బేరింగులు మార్చేసి, పోకపోతే ఇంకోటి మార్చేసేవాళ్ళంటే నాకు మంట.

ఇక మీ లెక్క. టక్కుమన్నప్పుడు టైరు గీత పైన ఉంది. మరుసటి టక్కుకి రెండు చుట్లు దాటి కిందికొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పైకి. అంటే రెండున్నర చుట్లకోసారి. చైను మీది గీత మాత్రం ప్రతిసారీ ఒకేచోట నిలబడుతోంది. ఇక్కడ మేస్త్రి మొదటిసారి నవ్వుతాడు. మీ బండికి వెనక పాకెట్ 42 పళ్ళు, ముందుది 14, చైను 106 లింకులు. తప్పు చక్రంలోనో వెనక పాకెట్‌లోనో ఉంటే చుట్టుకోసారి పలకాలి. ముందు పాకెట్‌లో ఉంటే చుట్టుకు మూడుసార్లు. 106ని 42తో భాగించండి: రెండున్నర పైచిలుకు. దొంగ చైనులోనే ఉన్నాడు.

కింది చైనును వేలితో ఎత్తి చూడండి. ఒకచోట నలభై మిల్లీమీటర్లు ఊగుతోంది, చక్రం కాస్త తిప్పితే పది కూడా లేదు. మామూలుగా ఇలాంటి బళ్ళకు ఇరవై నుంచి ముప్పై ఉండాలి. ఎవరో బిగువుగా ఉన్నచోటు చూడకుండా బిగించినట్టున్నారు. మేస్త్రి సుద్దగీత దగ్గర రెండు లింకులు గిల్లి చూపిస్తాడు. వానకు తుప్పెక్కి, మెడ పట్టేసినవాడిలా వంగిపోయి ఉన్నాయి, నిటారుగా రావు.

మరి చప్పుడు ఇంజన్లోంచి వస్తున్నట్టు ఎందుకు వినిపించింది? చిన్న పాకెట్ చుట్టూ తిరిగేటప్పుడు ఒక్కో లింకు దాదాపు 26 డిగ్రీలు వంగాలి. వెనక పెద్దదాని మీద 9 డిగ్రీలు కూడా అక్కర్లేదు. పట్టేసిన లింకు వెనక ఎలాగో సర్దుకుపోతుంది, ముందు పన్నెక్కి దూకుతుంది. ఆ పాకెట్ ఉన్నది ఇంజను పక్కనే, రేకు మూత కింద. మీ చెవి చెప్పిన చోటు నిజమే, తప్పున్న భాగమే వేరు.

టేపు పెట్టి కొలుస్తాడు. ఈ 428 చైనుకు లింకు లింకుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, కొత్తలో 20 లింకులకు 254. ఇక్కడ 260 చూపిస్తోంది. రెండు శాతం దాటింది, పిన్నులూ బుష్షులూ అరిగిపోయాయి. నూనె పోసి పట్టేసిన లింకుల్ని ఆడించినా నాలుగు రోజులే. సెట్టు మొత్తం మార్చాల్సిందే, ఎందుకంటే కొక్కేల్లా వంగిన పాత పళ్ళు కొత్త చైనును తొందరగా తినేస్తాయి.

వెనక చక్రం ఊడదీస్తే హబ్బులోంచి నలిగిన రబ్బర్లు బయటపడతాయి. “మీ డొక్కు ఇదీ.” పాకెట్‌కూ హబ్బుకూ మధ్య కుదుపు మింగాల్సిన రబ్బరు అరిగి ఖాళీ వచ్చింది. లోడు మారినప్పుడే తగిలే దెబ్బ కాబట్టి స్టాండు మీద ఎంత తిప్పినా పలకలేదు.

కుర్రాడు చైన్‌లాకు తిరగేసి పెడతాడు. మేస్త్రి మాట్లాడకుండా తీసి, మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకు వచ్చేలా నొక్కుతాడు. చైను మొత్తం ఒకసారి తిరిగేలా చక్రం తిప్పి, చైను బిగువుగా ఉన్న చోటు చూసి, ఊపు 25 మిల్లీమీటర్లు ఉండేలా నట్లు బిగిస్తాడు.

“కొత్త చైను మొదట్లో కాస్త లూజవుతుంది సార్. ఐదొందల కిలోమీటర్లయ్యాక ఒకసారి తీసుకురండి” అంటూనే పక్కన ఆగిన ఇంకో బండి వైపు తిరిగి, “క్లచ్చు పట్టి చూశావా?” అని అడుగుతున్నాడు.