బొమ్మది నోరు, గొంతెవరిది?

నిజామాబాద్ జిల్లా సిరికొండలో ఎండపూట ఏ వాకిట్లోకి తొంగిచూసినా అమ్మల ఒళ్లో చాట ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చేతులు బీడీలు చుడుతుంటాయి, చెవులు టీవీ వైపు ఉంటాయి. బడి లేని రోజైతే రిమోటు పోరగాళ్ల చేతిలోకి పోతుంది. అప్పుడు సీరియల్ అత్తలు మాయమై డోరేమాన్ ప్రత్యక్షమవుతాడు. ఆ నీలిరంగు పిల్లి "ఎందుకిలా చేస్తున్నావు" అనే తెలుగు మాట్లాడుతుంది. అదే పోరడు పక్కనున్న చెల్లెని గిల్లితే అమ్మ "ఎందుకు గిట్ల జేస్తున్నవ్‌రా" అంటుంది. ఒకే ఇంట్లో, ఒకే పూట, రెండు తెలుగులు.

పిల్లికి జపాన్‌లో 1979 నుంచి 2005 దాకా గొంతు ఇచ్చింది నోబుయో ఓయామా. అక్కడ ఇంటింటికీ తెలిసిన పేరు. ఇక్కడ ఆ పిల్లి తెలుగు గొంతు పిల్లలందరికీ తెలుసు, గొంతుగల మనిషి పేరు మాత్రం ఎవరిని అడిగినా చెప్పలేరు. బొమ్మకు మాట నేర్పే ఈ పని మన దగ్గరికి కార్టూన్ చానళ్లతో పాటు వచ్చిందనుకుంటే పొరపాటే. తెలంగాణ పల్లెలో అది తాతల నాటి కులవృత్తి.

కూనపులి వాళ్లు పద్మశాలీల గడపకు వచ్చి పటం కట్టేవారు. మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవారు. గౌడలకు గౌడజెట్టి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. ఏ కులానికి ఆ కులం కథ, ఆ కథకు ఒక పటం. చేర్యాల నకాశీలు గీసిన ఆ పాత పటాలు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన పొడవు ఉండేవి. గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఎర్రటి నేల పరిచి, వరసగా గళ్లు కట్టి బొమ్మలు వేసేవారు. కథకుడు గడి తర్వాత గడి విప్పుతూ పోతాడు. రుషి గొంతు, రాక్షసి గొంతు, పసిపిల్లవాడి ఏడుపు, అన్నీ ఒక్క మనిషివే. వెనక వంత పాడేవాళ్లు ఇద్దరు ముగ్గురు. కదలని బొమ్మను గొంతుతో కదిలించడం వాళ్ల విద్య. రాత్రికి కొంత చొప్పున రోజుల తరబడి సాగే కథ గనుక దీన్ని సీరియల్ అన్నా తప్పులేదు.

బోధన్ వైపు ఇంకో దారి ఉంది. అక్కడి అమ్దాపూర్‌ పేరు చెప్పగానే చిందు యక్షగానం, చిందుల ఎల్లమ్మ గుర్తొస్తారు. జాంబపురాణం ఆడే చిందు కళాకారుల్లో ఆమెది పెద్ద పేరు. ఎల్లమ్మ వేషం కట్టి కట్టి వేషం పేరుతోనే జనానికి తెలిసింది. మగవేషాలు కూడా వేసేది. మైకు లేని కాలంలో చివరి వరసలో కూర్చున్న వాడికి వినబడేలా రాత్రంతా పాడాలి, తెల్లారి గొంతు పోకూడదు. 2005లో ఆమె కన్నుమూసింది. పాత్ర కోసం గొంతు మార్చడం, మార్చిన గొంతును తెల్లవార్లూ నిలబెట్టడం ఈ నేలకు కొత్త సంగతి కాదని చెప్పడానికి ఆమె ఒక్కతి చాలు.

సినిమా వచ్చాక ఈ పని పల్లె దాటి మద్రాసు చేరింది.

1950లో 'ఆహుతి' వచ్చింది. హిందీ సినిమాకు తెలుగు మాటలు తొడిగిన తొలి చిత్రం. మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. మహాకవి సినీజీవితం మొదలైంది పరాయి పెదవులకు తెలుగు పదాలు వెతకడంతోనే. ఆ పని ఎంత చిరాకైనదో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజుల్లో సినిమాను చిన్న చిన్న ముక్కలుగా కోసి, మొదలూ చివరా అతికించి గుండ్రంగా చేసేవారు. దాన్ని లూప్ అనేవారు. అదే ముక్క తెర మీద తిరుగుతూనే ఉంటుంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడ్డ మనిషి పెదవి కదలికను పట్టుకొని, మాట కుదిరేదాకా చెబుతూనే ఉండాలి. పది సార్లు కావచ్చు, ముప్పై సార్లు కావచ్చు. సీన్‌లో నలుగురుంటే నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడేవారు, ఒకరు తడబడితే అందరికీ మళ్లీ మొదలు. కంప్యూటర్ వచ్చాక ఎవరి ముక్క వాళ్లు ఒంటరిగా చెప్పి వెళ్తున్నారు. తడబాటు ఖరీదు తగ్గింది. ఎదుటివాడి కళ్లలోకి చూసి కోపం తెచ్చుకునే వీలు కూడా దానితో పాటే పోయింది.

డబ్బింగ్ రచయితకు నిఘంటువు కన్నా పెదవులు ముఖ్యం. ప, బ, మ పలికితే పెదవులు మూసుకుంటాయి. తెర మీద మనిషి నోరు మూసినచోట తెలుగులో కూడా మూతపడే అక్షరమే రావాలి, లేకపోతే ప్రేక్షకుడికి ఏదో తేడా తెలిసిపోతుంది. తెలుగుకు ఇంకో ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. మనది అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అంటే నోరు తెరుచుకొని ఆగుతుంది. ఇంగ్లీషు, హిందీ మాటలు చాలావరకు హల్లుతో టక్కున తెగుతాయి. అవతలివాడు నోరు మూసేశాక కూడా మన 'వెళ్తున్నానూ' ఇంకా సాగుతూనే ఉంటుంది. రాజశ్రీ, వెన్నెలకంటి లాంటివాళ్లు డబ్బింగ్ రచనను ఒక విద్యగా నిలబెట్టింది ఈ చిక్కుముడుల మధ్యే. బొమ్మల సినిమాలో పెదవులు అంత కచ్చితంగా కదలవు కాబట్టి కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ పరుగు, దూకుడు, మూలుగు, నవ్వు అన్నీ గొంతే చేయాలి. ముఖం అరువివ్వడానికి అక్కడ నటుడు లేడు.

ఇంత చేసినా పేరు దక్కదు. తెలుగులో ఈ వృత్తి కొన్ని కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకులకు వచ్చింది. పి.జె. శర్మ నటుడు, డబ్బింగ్ కళాకారుడు. ఆయన కొడుకులు సాయికుమార్, రవిశంకర్, అయ్యప్ప పి. శర్మ. రాజశేఖర్ తెర మీద పోలీసు టోపీ పెట్టుకొని గర్జిస్తుంటే ఆ గర్జన సాయికుమార్‌ది. తానే పూర్తిస్థాయి హీరో కావడానికి సాయికుమార్ కన్నడం దాకా పోవాల్సి వచ్చింది. 1996లో 'పోలీస్ స్టోరీ' అక్కడే ఆయన్ను నిలబెట్టింది. 'అరుంధతి'లో పశుపతిగా సోనూసూద్ కళ్లు భయపెట్టాయి, 'బొమ్మాళీ' అనే పిలుపుతో పిల్లల్ని దుప్పట్లోకి తోసింది మాత్రం రవిశంకర్ గొంతు. దానికి నంది అవార్డు కూడా వచ్చింది. ఆడగొంతుల్లో రోజారమణి, సరిత, సునీత, చిన్మయి తెలుగు కథానాయికల తరాలనే మోశారు. వాళ్ల పేర్లు తెలియకుండానే వాళ్ల ఏడుపుకు రెండు మూడు తరాల తెలుగువాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఇక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగతి వేరు. పాటగాడిగానే తెలిసిన ఆయన 1976లో 'మన్మథలీల'తో కమల్‌హాసన్‌కు తెలుగు గొంతయ్యారు. 2008 నాటి 'దశావతారం'లో కమల్ వేసిన పది వేషాల్లో ఏడింటికి బాలునే చెప్పారు, అందులో ముసలమ్మ కూడా ఉంది. పటం కథకుడు ఒక్క గొంతులో పదిమందిని దాచినట్టే ఇదీ. మధ్యలో మైకు వచ్చింది, అంతే తేడా.

పేరు సంగతి అమెరికాలో ముందే వచ్చింది. బగ్స్ బన్నీ, డాఫీ డక్ లాంటి వార్నర్ బొమ్మలకు గొంతిచ్చిన మెల్ బ్లాంక్ జీతం పెంచమని అడిగితే కంపెనీ కాదంది. దానికి బదులు తెర మీద పేరు వేస్తామంది. అది 1940లలో మాట, అప్పటికి గొంతు నటుల పేర్లు వేయడం ఆనవాయితీ కాదు. 1961 జనవరిలో కారు ప్రమాదంలో బ్లాంక్ కోమాలోకి పోయాడు. పేరు పెట్టి ఎంత పిలిచినా పలకలేదు. చివరికి డాక్టరు "ఇవాళ ఎట్లా ఉన్నావు, బగ్స్ బన్నీ?" అని అడిగితే కుందేలు గొంతుతో జవాబొచ్చింది. అప్పుడు 'ది ఫ్లింట్‌స్టోన్స్' సీరియల్ నడుస్తోంది, అందులో బార్నీ పాత్ర ఆయనది. కట్లతో మంచం మీద పడి ఉన్న మనిషి దగ్గరికే మైకులు తెచ్చారు, తోటి నటులు మంచం చుట్టూ చేరి రికార్డింగ్ చేశారు.

మన ముచ్చటకు వద్దాం. బొమ్మలు గీయడంలో హైదరాబాద్ వెనకబడలేదు. రాజీవ్ చిలకా 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నుంచి 2008లో 'ఛోటా భీమ్' పోగో చానల్‌కు ఎక్కాడు. లడ్డూ తింటే బలం వచ్చే ఆ పిల్లవాడి ఢోలక్‌పూర్ పుట్టింది హైదరాబాద్‌లో. కానీ అతను ముందు మాట్లాడింది హిందీ, ఆ గొంతు సోనల్ కౌశల్‌ది. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ హైదరాబాద్‌లోనే 'ది జంగిల్ బుక్' సీరియల్‌ను 2010లో ప్రపంచానికి పంపింది, మోగ్లీ ముందు పలికింది ఇంగ్లీషు. ఇక్కడ చిన్న సాంకేతిక కిటుకు ఉంది. బొమ్మల సినిమాలో సాధారణంగా మొదట గొంతు రికార్డు చేస్తారు, ఆ గొంతు విని కళాకారుడు పెదవి గీస్తాడు. అందుకే ఏ భాషలో ముందు చెబితే ఆ భాష బొమ్మ మూతిలో స్థిరపడిపోతుంది. తర్వాత వచ్చే భాషలన్నీ దానికి కొలత తీసుకొని కుట్టించుకున్న చొక్కాలే. మనం గీసిన బొమ్మకే మన భాష డబ్బింగ్ అయింది. ఈ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడమే ఆశ్చర్యం. మినహాయింపు లేదని కాదు. 2006 నాటి 'కిట్టు' అనే కోతిపిల్ల తెలుగులోనే పుట్టింది, ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. ఆ తోవలో మిగతావాళ్లు మాత్రం గుంపు కట్టలేదు.

2019లో గాలి ఇంకోవైపు తిరిగింది. 'అల్లాదీన్' తెలుగులో జీనీకి వెంకటేశ్, అల్లాదీన్‌కు వరుణ్ తేజ్ గొంతిచ్చారు. 'ది లయన్ కింగ్'లో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, ముఫాసాకు రవిశంకర్. పుంబాగా బ్రహ్మానందం, టిమోన్‌గా అలీ. ఏడాది చివర 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకు నిత్యామీనన్, చిన్నారి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార. 2024 డిసెంబరులో ముఫాసాగా మహేశ్‌బాబే వచ్చారు. అదే ఏడాది 'కల్కి' సినిమాకు ముందు వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' బొమ్మల సీరియల్లో మాట్లాడే కారు బుజ్జి గొంతు కీర్తి సురేశ్‌ది.

పాత డబ్బింగ్ వాళ్ల నీతి ఒకటే, గొంతుగలవాడు కనిపించకూడదు. ఇప్పటి లెక్క తలకిందులు. పుంబా నోరు తెరవగానే బ్రహ్మానందం ముఖం కళ్ల ముందు ఆడాలి, అందుకే టికెట్టు తెగుతుంది. ఆ అడవిపంది, అలీ ముంగిస కలిసినప్పుడు హాలు గొల్లుమన్నది కాబట్టి ఫిర్యాదు చేయడానికీ మనసు రాదు. కానీ తారల పోస్టరు పక్కన, రోజూ సాయంత్రం చానళ్లలో పాతిక బొమ్మలకు మాట్లాడే మామూలు గొంతులు మళ్లీ చీకటిగదిలోనే ఉండిపోయాయి.

ఆ గొంతులు మాట్లాడేది ఏ తెలుగు? మద్రాసులో అచ్చుపోసుకొని హైదరాబాద్‌కు సర్దుకున్న మధ్యరకం తెలుగు. ఎవరి ఊరిదీ కాదు, అందరికీ అర్థమవుతుంది. బోధన్ ప్రాంతం యాసల విషయంలో విచిత్రమైనది. 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ల కోసం గుంటూరు, కృష్ణా వైపు నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెడితే శక్కర్‌నగర్ పుట్టింది. చెరుకు బండ్ల వరసలో కోస్తా తెలుగు, నిజామాబాద్ తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే నిలబడేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, యాసలు మాత్రం మూతపడలేదు. ఏ యాస విన్నా బెదరని చెవులు ఇక్కడివి. అయినా తెర మీద ఈ జిల్లా మాట చాలాకాలం నవ్వించడానికో తిట్టడానికో మాత్రమే పనికొచ్చింది.

2017లో 'ఫిదా' ఆ లెక్క మార్చింది. నిర్మాత దిల్ రాజుది నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి, కథ నడిచేది బాన్సువాడలో. తెలుగు ఇంటిభాష కాని సాయిపల్లవి ఈ యాసను నేర్చుకొని తన గొంతుతోనే చెప్పింది. హీరోయిన్ గొంతు ఇంకొకరిది కావడమే ఆనవాయితీ అయిన పరిశ్రమలో, అదీ ఈ యాసలో, సినిమా ఊరూరా ఆడింది.

బొమ్మల సీరియళ్లకు మాటలు రాసేవాళ్లకు ఒక విన్నపం. హల్లుతో తెగే పరాయి పెదవికి 'చేస్తున్నావూ', 'వెళ్లిపోయారూ' అని సాగదీసి అవస్థ పడుతున్నారు. సిరికొండలో చాట ముందు కూర్చున్న అమ్మ 'జేస్తున్నవ్', 'పోయిన్రు' అంటుంది. ఒకటి హల్లుతో టక్కున ఆగుతుంది, రెండోది పొట్టిగా ముగుస్తుంది. 'ఇలా' అన్నా 'గిట్ల' అన్నా పెదవులు తాకవు కాబట్టి బొమ్మకూ ఇబ్బంది లేదు. పెదవికి కుదరదనే సాకు ఈ యాసకు వర్తించదు. ఒక్క సీరియల్లో, ఒక్క పిల్లవాడి పాత్రకైనా, ఈ తెలుగు పెట్టి చూడండి.