సన్‌స్క్రీన్ వెనక ఒక నల్లగుడ్డ

మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఇంత ఉక్కలో ఆ చొక్కా ఎందుకమ్మా అని అడిగితే, లేకపోతే ఒళ్ళు కమిలిపోతుందంటారు. ఉక్కపోత వేరు, కమలడం వేరు. చేలో అందరికీ తెలిసిన ఈ తేడాని తేల్చుకోడానికి యూరప్ వైద్యులకు డెబ్బై ఏళ్ళు పట్టింది.

1820లో ఎవరార్డ్ హోమ్ అనే ఇంగ్లిష్ సర్జన్‌ని ఒక ప్రశ్న పట్టుకుంది. నలుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది కదా, మరి ఎండ మండిపోయే దేశాల్లో మనుషులు నల్లగా ఎందుకున్నారు? తన చేతుల్నే ఎండలో పెట్టి చూశాడు. ఒక చేతి మీద నల్లగుడ్డ కప్పాడు, రెండోది వట్టిగా వదిలేశాడు. థర్మామీటరు చూస్తే గుడ్డ కిందే వేడి ఎక్కువ. కమిలింది మాత్రం గుడ్డ లేని చెయ్యి! ఎండలో వేడి కాక ఇంకేదో ఉందన్నమాట. ఆ ఇంకేదో ఏమిటో అప్పటికే దొరికింది కూడా. 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్, ఊదారంగుకు అవతల కంటికి కనిపించని కిరణాలున్నాయని సిల్వర్ క్లోరైడ్ నల్లబడటాన్ని బట్టి కనిపెట్టాడు. అతినీలలోహిత కిరణాలంటే అవే. ఆ సంగతికీ ఈ కమిలిన చేతికీ ముడి వేసినవాళ్ళు లేరు, అంతే.

ఆ ముడి వేసింది స్వీడన్ కంటి డాక్టరు ఎరిక్ విడ్‌మార్క్, 1889లో. తర్వాత డెన్మార్క్‌లో నీల్స్ ఫిన్సెన్ ముంజేతి చుట్టూ నల్లసిరాతో పట్టీ గీసుకుని ఎండలో కూర్చున్నాడు. సిరా కడిగేస్తే కింద చర్మం మామూలుగా ఉంది, అటూ ఇటూ ఎర్రగా వాచింది. ఆయనకు 1903లో నోబెల్ వచ్చింది, ఈ సిరాపట్టీకి కాదులెండి, కాంతితో చర్మక్షయకు వైద్యం చేసినందుకు. మన చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ చేసేదీ ఆ సిరా పనే.

ఎండకు కమలకుండా రాసుకునే పూత సంగతికొస్తే, 1891లో జర్మనీ వైద్యుడు ఫ్రీడ్రిష్ హామర్ వాడి చూసింది మలేరియా జ్వరానికి మింగించే క్వినైన్‌నే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు పశువైద్యంలో వాడే ఎర్రటి జిడ్డు పెట్రోలేటం పూసుకున్నారు. 1938లో ఆల్ప్స్‌లో పిట్స్ బ్విన్ శిఖరం ఎక్కుతూ మంచు మీద ఒళ్ళు కమిలించుకున్న ఆస్ట్రియా విద్యార్థి ఫ్రాంట్స్ గ్రైటర్, 1946లో హిమానీనదం పేరు పెట్టి ఓ క్రీము తెచ్చాడు. పూత కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే, డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకెకు ప్రచారం తెచ్చిందీ ఆయనే.

చలిలో కమిలినవాళ్ళు, యుద్ధంలో కమిలినవాళ్ళు తెచ్చుకున్న వస్తువిది. మన దగ్గరకు వచ్చేసరికి తెల్లబరిచే క్రీముల పక్కన చేరింది. నలుపు తగ్గుతుందని కొనేవాళ్ళే ఎక్కువ. ఇది దాని పుట్టుకకే అవమానం అనిపిస్తుంది నాకు.

ఆ ఎస్‌పీఎఫ్ అంకెతోనూ మోసపోతుంటాం. కమిల్చే కిరణాల్లో 30 ఉన్నది 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. తేడా ఒక్క శాతం. అదీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన పూస్తేనే. ప్రయోగశాలలో అంత పూస్తారు, అద్దం ముందు మనం అందులో సగం కూడా పూయం. అయినా పూతకు ఫలితం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో నాంబర్ ఊళ్ళో 1992లో మొదలైన పరిశోధనలో రోజూ పూసుకున్నవాళ్ళకు ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది.

ఒకవేళ కమిలితే? నీడకు వచ్చి చల్లటి నీళ్ళతో తడపండి, ఐసు గడ్డ పెట్టకండి. కాలమైన్ గానీ కలబంద గుజ్జు గానీ రాయవచ్చు. టూత్‌పేస్టు, వెన్న వద్దు. బొబ్బలు చిదమకండి. జ్వరం, వాంతులు వచ్చినా, ఒళ్ళంతా బొబ్బలెక్కినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆరుబయట ఉన్నంతసేపూ క్రీము రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. మిరప చేలో చొక్కా పొద్దున ఒక్కసారి తొడుక్కుంటే సాయంత్రం దాకా సరిపోతుంది.