సూరత్ పల్లెల్లో హాలీలు: నేల, నాగలి, అప్పు

సూరత్ పేరు వినగానే తెలుగు పాఠకులకు మరమగ్గాలు, బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ నుండి అక్కడికి చేరిన పద్మశాలి కుటుంబాలు గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ నగరం చుట్టూ తాపీ, మింఢోళా, పూర్ణా, అంబికా నదుల నడుమ పరుచుకున్న నల్లరేగడి పల్లెలకు మరమగ్గం కంటే ఎంతో పాతదైన మరో చరిత్ర ఉంది. ఆ చరిత్రను శిస్తు దస్త్రాల నుండి గాని, 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహ గాథ నుండి గాని చదివితే అందులో భూమి గల రైతు ఒక్కడే నిలువెత్తున కనిపిస్తాడు. ఆ భూమిని తరతరాలుగా దున్నిన హాలీ, అంటే అప్పు కింద యజమానికి కట్టుబడి పనిచేసిన పాలేరు, ఆ రైతు నీడలోనే ఉండిపోతాడు.

దక్షిణ గుజరాత్ మైదానంలో మేలైన భూములు చాలావరకు అనావిల్ బ్రాహ్మణుల చేతిలో, కొంతభాగం కణబీ పాటీదార్ల చేతిలో ఉండేవి. అనావిల్ బ్రాహ్మణులు పౌరోహిత్యం చేసేవారు కారు, పూర్తిగా భూమి మీద ఆధారపడినవారు; వారిలో పైవర్గమైన దేశాయిలు మొగలుల కాలంలోనూ మరాఠాల కాలంలోనూ ఊళ్ల శిస్తును గుత్తకు తీసుకుని వసూలు చేసి పెట్టినందువల్ల వారి చేతిలో భూమితో పాటు అధికారమూ పోగుపడింది. ఆంగ్లేయుల పాలన వచ్చాక రైత్వారీ పద్ధతిలో, అంటే ఒక్కొక్క సాగుదారు నుండి సర్కారే నేరుగా శిస్తు తీసుకునే ఏర్పాటులో, దేశాయిల మధ్యవర్తిత్వం క్రమంగా పోయినా భూమి మాత్రం పోలేదు. సొంతచేత్తో నాగలి పట్టడం పరువు తక్కువని భావించిన ఈ కుటుంబాలకు పొలంలోనూ ఇంట్లోనూ ఏడాది పొడవునా పనిచేసే మనుషులు కావలసి వచ్చింది, ఆ మనుషులు ప్రధానంగా దూబ్లా అనే ఆదివాసీ తెగ నుండి వచ్చారు.

హాలీ కట్టుబాటు సాధారణంగా పెళ్లితో మొదలయ్యేది. చిన్నతనంలో యజమాని పశువులు కాస్తూ పెరిగిన దూబ్లా యువకుడికి పెళ్లి ఖర్చుకు కావలసిన సొమ్మును ఆ యజమానే ఇచ్చేవాడు, ఆనాటి నుండి అతడు ఆ ఇంటి హాలీ అయ్యేవాడు, యజమాని అతనికి ధణియామో అయ్యేవాడు. హాలీ దున్నడం, విత్తడం, కోయడం, రాత్రి పూట చేనికి కావలి ఉండడం వంటి పనులన్నీ చేస్తే, అతని భార్య యజమాని ఇంట పశువుల కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, నీళ్లు మోసి పెట్టేది. అంటే అప్పు ఒకరి పేరిట ఉన్నా కట్టుబడినది ఒక కుటుంబం మొత్తం. దీనికి బదులుగా పనిచేసిన రోజున కొలిచి ఇచ్చే గింజలు, కొంత తిండి, ఏటా బట్టలు, గుడిసె వేసుకోవడానికి యజమాని నేలలోనే చోటు దొరికేవి. పనిలేని వానరోజుల్లోనూ జబ్బు చేసినప్పుడూ ఇచ్చిన గింజలు మళ్లీ అప్పు ఖాతాలోకే చేరేవి. అప్పు తీరడం ఇద్దరిలో ఎవరూ ఆశించిన విషయం కాదు, ఎందుకంటే అది పెరుగుతున్నంత కాలం యజమానికి మనిషి చేజారడు, హాలీకి కరువు రోజుల్లో గాసం తప్పదు. ఈ పరస్పర ఆధారాన్ని చూపి దీన్ని ఆత్మీయబంధంగా వర్ణించినవారు ఉన్నారు గాని, పారిపోయిన హాలీని మరో యజమాని పనిలో పెట్టుకోకూడదన్న ఊరి పెద్దల ఒడంబడికను లెక్కలోకి తీసుకుంటే ఆ వర్ణన నిలవదు.

1843లో బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును రద్దుచేసిన చట్టం కూడా హాలీని తాకలేదు, ఎందుకంటే అతడు కొన్న మనిషి కాదు, అప్పు తీసుకుని తనంతట తానుగా ఒప్పుకున్న పనివాడని వాదించడానికి వీలుండేది. నిజాం రాజ్యంలో భగేలా అని పిలిచిన కట్టుబాటు కూడా ఇదే తీరున అప్పు మీద నిలిచింది. అక్కడి ప్రభుత్వం 1936లో అటువంటి ఒప్పందాలను నియంత్రిస్తూ చట్టం చేసింది.

ఈ పల్లెలను అందరికంటే లోతుగా పరిశీలించిన డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ 1960ల తొలినాళ్లలో ఇక్కడి రెండు ఊళ్లలో ఉండి పరిశోధన చేసి 1974లో హాలీ వ్యవస్థపై గ్రంథం ప్రచురించాడు, తరువాత జావా ద్వీపంలోని చిరెబోన్ ప్రాంతం మీద కూడా ఇదే దృష్టితో రాశాడు. జావా పల్లెను అందరూ సమానంగా పేదరికాన్ని పంచుకునే సమాజంగా 1963లో క్లిఫర్డ్ గీర్ట్జ్ చిత్రించగా, అక్కడ కూడా భూమి గల సికెప్ కుటుంబాలు, వారి పెరట్లో గుడిసె వేసుకుని వారి పొలాల్లో పనిచేసే నుంపాంగ్ అనే ఆశ్రితులు వేర్వేరు వర్గాలుగా ఉండేవారని, 1830 నుండి డచ్చి సర్కారు కోసం చెరకు, నీలి పండించిన భారంలో ఈ ఆశ్రితుల శ్రమ పెద్ద భాగమని బ్రేమన్ చూపాడు. పల్లె అంటే ఒకే గుండెతో కొట్టుకునే సమాజమన్న ఊహ సూరత్‌లోనూ జావాలోనూ భూమి లేనివారిని కనబడకుండా చేసింది.

బార్డోలీలో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. ముప్పయ్యేళ్లకొకసారి జరిగే శిస్తు సవరణలో దాదాపు 22 శాతం పెంపును నిరాకరిస్తూ 1928 ఫిబ్రవరిలో వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వాన రైతులు నిలిచారు. తరువాత విచారణ సంఘం ఆ పెంపును దాదాపు 6 శాతానికి కుదించింది. ఆరేళ్ల ముందు గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్ను నిరాకరించి, ఉద్యమం నిలిపివేత వల్ల మధ్యలోనే ఆగిపోయిన తెలుగు రైతులకు ఈ గెలుపు ఎంత విలువైనదో చెప్పనక్కర లేదు. అయినా శిస్తు తగ్గడం వల్ల మేలు పొందినది శిస్తు కట్టేవాడే. హాలీ పేరిట కట్టవలసిన శిస్తు గాని తగ్గవలసిన శిస్తు గాని లేదు.

హాలీలు, తూర్పు కొండల ఆదివాసులు ఊరుకున్నారనుకోవడం మాత్రం పొరపాటు. 1922-23లో ఆ ప్రాంతమంతటా పాకిన దేవి ఉద్యమంలో వేలాది ఆదివాసులు కల్లు, సారా మానేసి, సారా వ్యాపారులైన భూస్వాముల దగ్గర పనికి వెళ్లడానికి నిరాకరించారు. తరువాత గాంధేయవాదులు వేడ్ఛీ ఆశ్రమం వంటి చోట్ల బడులు, ఖాదీ కేంద్రాలు నడిపారు, దూబ్లాలకు నాగలికి అధిపతి అన్న అర్థంలో హళపతి అనే పేరు పెట్టారు. 1938లో తాపీ ఒడ్డునున్న హరిపురలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగిన రోజుల్లో ఇందులాల్ యాజ్ఞిక్, ఆయన కిసాన్ సభ సహచరులు హాలీల విముక్తిని బహిరంగంగా కోరగా, 1939లో పటేల్ మధ్యవర్తిత్వాన రోజుకూలీ నిర్ణయిస్తూ ఒప్పందం కుదిరింది గాని యజమానులు దాన్ని ఎక్కువకాలం పాటించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన అన్యాయం అంతకంటే పెద్దది. దున్నేవాడికే భూమి అన్న సూత్రంతో 1948లో వచ్చిన బొంబాయి కౌలు చట్టం, దాని 1956 సవరణ ప్రకారం 1957 ఏప్రిల్ 1న కౌలుదారులు తాము సాగుచేసే భూమికి కొనుగోలుదారులుగా గుర్తింపు పొందారు. నాగలి పట్టినవాడు హాలీయే అయినా అతడు కౌలుదారు కాదు, పనివాడు కనుక చట్టం దృష్టిలో సాగుదారు యజమానే అయ్యాడు. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో పాలేరు, జీతం, భగేలా, వెట్టి వంటి కట్టుబాట్లను పేరుపేరునా నిషేధించే నాటికి పాత హాలీ వ్యవస్థ చాలా ఊళ్లలో దానంతట అదే సడలిపోయింది.

సడలడానికి కారణం దయ కాదు, పంట. తక్కువ శ్రమతో సాగే మామిడి తోటలు, గడ్డి భూములు పెరిగిన చోట ఏడాది పొడవునా మనిషిని పోషించే అవసరం యజమానికి తగ్గింది. కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి జలాశయం నీళ్లు ఇచ్చాక బార్డోలీ చుట్టూ చెరకు, సహకార చక్కెర కర్మాగారాలు విస్తరించి కూలీల అవసరం ఒక్కసారిగా పెరిగినా, ఆ పని కూడా హళపతులకు దక్కలేదు. మహారాష్ట్రలోని ఖాందేశ్ నుండి ముకాదం అనే మేస్త్రీ ముందే బయానా ఇచ్చి తెచ్చే వలస కుటుంబాలు చేల పక్కన గుడారాలు వేసుకుని చెరకు నరుకుతాయి. నరికే కత్తి పేరు మీదుగా ఆలుమగల జంటను ఒక కోయితాగా లెక్కిస్తారు. కర్మాగారం పిలిచిన వేళకు, రాత్రయినా పగలయినా, పనికి రావడం, కోతల కాలం ముగియగానే వెళ్లిపోవడం, వానాకాలపు గాసం అడిగే హక్కు ఊళ్లో లేకపోవడం అన్న మూడు కారణాల చేత వారిని ఏరికోరి తెచ్చుకున్న యజమానుల ఊళ్ల నుండే, అదే కాలంలో, హళపతి కుటుంబాలు ఇటుక బట్టీలకు, ఉప్పు మడులకు మళ్లీ బయానా తీసుకునే వలస వెళ్లసాగాయి.