కపిలవస్తు: స్థల నిర్ధారణ చరిత్ర

కపిలవస్తు శాక్యుల రాజధాని. బుద్ధుడు కాబోయే సిద్ధార్థుడు ఇరవైతొమ్మిదో ఏట ఇల్లు విడిచేదాకా పెరిగిన పట్టణం. బౌద్ధ వాఙ్మయంలో అడుగడుగునా కనిపించే ఈ ఊరు ఎక్కడుండేదో 19వ శతాబ్ది నాటికి చెప్పగలిగినవారు లేరు. అప్పుడు మొదలైన అన్వేషణ చివరకు రెండు చోట్లకు చేరింది. ఒకటి నేపాల్ తరాయిలో బాణగంగ ఒడ్డునున్న తిలౌరాకోట్. రెండోది ఉత్తరప్రదేశ్ సిద్ధార్థనగర్ జిల్లాలోని పిప్రహ్వా. రెంటికీ మధ్య దూరం సుమారు 16 కిలోమీటర్లే అయినా నడుమ దేశ సరిహద్దు ఉంది.

గ్రంథాల్లోని ఆనవాళ్లు

పాలి గ్రంథాలు ఈ ఊరి కథలు చెబుతాయి గాని ఊరికి దారి చెప్పవు. హిమాలయాల దిగువన ఉండేదనీ, శాక్యులకూ కోలియులకూ రోహిణీ నది హద్దనీ, ఆ నీటి కోసం ఇరువర్గాలూ కత్తులు దూసే దాకా వెళ్లాయనీ, కోసల రాజు విడూడభుడు శాక్యులను ఊచకోత కోశాడనీ వాటివల్ల తెలుస్తుంది.

దారి చెప్పినవారు చైనా యాత్రికులు. 5వ శతాబ్ది ఆరంభంలో వచ్చిన ఫాహియాన్‌కు అక్కడ రాజు గానీ ప్రజలు గానీ కనిపించలేదు. కొద్దిమంది భిక్షువులు, కొన్ని కుటుంబాలు మాత్రమే కనిపించాయి. బుద్ధుడు పుట్టిన లుంబిని వనం పట్టణానికి తూర్పున 50 లీల (చైనా దూరమానం) దూరంలో ఉందని రాశాడు. 7వ శతాబ్దిలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ శిథిలమైన రాజప్రాసాదపు ఇటుక ప్రాకారాన్ని వర్ణించాడు. ఇద్దరూ శ్రావస్తి నుంచే బయలుదేరినా వారి లెక్కలు పొసగవు. పూర్వబుద్ధులైన క్రకుచ్ఛంద, కనకముని పుట్టిన ఊళ్లను ఒకరు పట్టణానికి పడమర చూపితే, మరొకరు దక్షిణం వైపు చూపారు. పైగా ‘లీ’ అంటే ఎంత దూరమో పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

తొలి ఊహలు

పురావస్తు శాఖకు ఆద్యుడైన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఈ దూరాలను పటం మీద కొలుస్తూ కపిలవస్తును మొదట బస్తీ జిల్లాలోని నగర్ దగ్గర ఉంచాడు. 1870లలో ఆయన సహాయకుడు కార్లైల్ అదే జిల్లాలోని భుయిలా దిబ్బ పేరు చెప్పగా దానికీ ఒప్పుకున్నాడు. శ్రావస్తి నుంచి మొదలుపెట్టి అంచనా దూరాలు కూడుకుంటూ పోవడం వల్ల ఈ రెండు ఊహలూ దారి తప్పాయి. అసలు చోటికి దగ్గరలో కదలని గుర్తు ఒకటి దొరికేదాకా చిక్కు వీడలేదు.

అశోక స్తంభాలు

1895లో నేపాల్ తరాయిలోని నిగలీసాగర్ చెరువు గట్టున విరిగిపడి ఉన్న అశోక స్తంభం పండితుల దృష్టికి వచ్చింది. కనకముని స్తూపాన్ని అశోకుడు పెంచి కట్టించాడని దాని మీద ఉంది. అయితే ఆ స్తంభం మొదట నిలబెట్టిన చోట లేదు.

1896 డిసెంబరులో అదే తరాయిలో రుమ్మిన్‌దేయి వద్ద దొరికిన రెండో స్తంభం మాత్రం నాటిన చోటే ఉంది. మన్ను తవ్వేసరికి భూమట్టానికి దిగువన బ్రాహ్మీ లిపిలో అయిదు పంక్తుల శాసనం బయటపడింది. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట అశోకుడు స్వయంగా వచ్చాడనీ, శాక్యముని పుట్టింది ఇక్కడేననీ, అందుకే లుంబిని గ్రామానికి ‘బలి’ పన్ను మాఫీ చేసి పంటలో రాజభాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించాడనీ అందులో ఉంది. లుంబిని ఎక్కడో తేలిపోవడంతో కపిలవస్తును దానికి పడమర వెతికితే చాలని తేలింది.

ఈ స్తంభాలను లోకానికి తెలిపిన ప్రభుత్వ పురావస్తు అధికారి అలోయిస్ ఫ్యూరర్ అక్కడితో ఆగలేదు. నిగలీసాగర్ పక్కన లేని స్తూపాన్ని చూసినట్టు, కన్నింగ్‌హామ్ పుస్తకంలోని వర్ణనను ఎత్తి రాశాడు. సాగర్వా వద్ద చిన్న స్తూపాలను తవ్వి కపిలవస్తు దొరికిందని ప్రకటించాడు. మోసం బయటపడి 1898లో ఉద్యోగం వదులుకున్నాడు.

రెండు కపిలవస్తులు

1898 జనవరిలో విలియం పెప్పే అనే ఎస్టేటుదారు పిప్రహ్వా స్తూపాన్ని తవ్వించగా పెద్ద రాతిపెట్టె దొరికింది. అందులో మెత్తరాయి కరండాలు, చేప ఆకారపు పిడి ఉన్న స్ఫటిక కరండం, అస్థిధాతువులు, రత్నాలు ఉన్నాయి. ఒక కరండం మూత మీది శాసనాన్ని బట్టి అవి బుద్ధుని ధాతువులని కొందరు, బుద్ధుని బంధువులవని శాసన పండితుడు ఫ్లీట్ వంటివారు వాదించారు. ఏదైనా, ధాతువులు దొరికినంత మాత్రాన పక్కనే కపిలవస్తు ఉన్నట్టు కాదు. మన భట్టిప్రోలు స్తూపంలోనూ బుద్ధధాతువుల ప్రస్తావనతో శాసన కరండాలు దొరికాయి.

1899లో పూర్ణచంద్ర ముఖర్జీ తరాయి అంతా తిరిగి, కోటగోడలతో ఉన్న తిలౌరాకోటే కపిలవస్తు అని తేల్చాడు. ఆయన నివేదికకు తొలిపలుకు రాసిన విన్సెంట్ స్మిత్ రాజీమార్గం చూపాడు. ఫాహియాన్ చూసింది పిప్రహ్వా, హ్యూయన్‌త్సాంగ్ చూసింది తిలౌరాకోట్ అన్నాడు. లుంబిని రెంటికీ తూర్పునే ఉంది. పిప్రహ్వాకు సుమారు 15, తిలౌరాకోట్‌కు సుమారు 25 కిలోమీటర్లు. అందువల్ల ‘50 లీలు’ అన్న మాట ఒక్కటే తగవు తీర్చలేకపోయింది.

ఆధునిక తవ్వకాలు

1971–77 మధ్య కె.ఎం. శ్రీవాస్తవ పిప్రహ్వాలో మళ్లీ తవ్వారు. స్తూపం అడుగున మరింత పాతవైన ధాతు కరండాలు దొరికాయి. విహారంలో కుషాణుల కాలపు మట్టి ముద్రలు బయటపడ్డాయి. వాటి మీద కపిలవస్తు భిక్షు సంఘం పేరు స్పష్టంగా ఉంది. భారత పక్షానికి ఇదే బలమైన ఆధారం. అయితే ముద్రలు సంఘానివి. పిప్రహ్వా స్తూప విహారాల క్షేత్రం. పక్కనున్న గన్వారియాలో నివాసాలున్నా రాజధానికి తగిన కోట లేదు.

తిలౌరాకోట్‌లో కోట, కందకం, ద్వారాలు ఉన్నాయి. కాని కోటగోడ బుద్ధుని కాలానికి చాలా తర్వాతిదన్న అభ్యంతరం ఉండేది. 2014 నుంచి రాబిన్ కోనింగ్‌హామ్, కోశప్రసాద్ ఆచార్యల నాయకత్వంలో యునెస్కో చేయించిన తవ్వకాలు దానికి జవాబిచ్చాయి. ఇటుక గోడ కింద మట్టికట్ట, దానికీ ముందటి కర్రకంచె గుంజల గుంతలు కనిపించాయి. కోట ఆరంభ దశ క్రీ.పూ. 6వ శతాబ్ది ప్రాంతానికి వెళ్లింది. భూమిని తవ్వకుండా చేసిన సర్వేలో గళ్లుగా సాగే వీధులు, నడుమ ప్రాకారమున్న కట్టడాల సముదాయం బయటపడ్డాయి.

ప్రస్తుత స్థితి

పిప్రహ్వాకు పేరు చెప్పే ముద్రలున్నాయి, నగరం లేదు. తిలౌరాకోట్‌కు నగరం ఉంది, పేరు చెప్పే శాసనం లేదు. తిలౌరాకోట్‌ను రాజధానిగా, పిప్రహ్వాను శాక్య దేశంలోని ముఖ్య స్తూపక్షేత్రంగా చూసే వివరణ ఈ రెండు సాక్ష్యాలకూ సరిపోతుంది. తిలౌరాకోట్‌ను నేపాల్ 1996లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్పించింది. భారతదేశంలో మాత్రం పిప్రహ్వాను కపిలవస్తుగా పేర్కొనడం నేటికీ కొనసాగుతోంది.