2007 జూలై: ప్రపంచానికి ఒక నెల, మన వరసకి ఒక నెల

ఈసారి పోస్టు కాస్త పెద్దది. టీ పెట్టుకుని చదవండి.

నెల మధ్యలోకి రాగానే మన గ్రూపులన్నిట్లో ఒకటే ప్రశ్న, "బులెటిన్ వచ్చిందా?" అని. ప్రపంచంలో ఏం జరుగుతున్నా మనం ముందు వెతికేది అమెరికా విదేశాంగ శాఖ పెట్టే ఆ ఒక్క పేజీ. అందులో ఇబి-2, ఇబి-3 దగ్గర ఇండియా గడి చూస్తాం. తేదీ రెండు వారాలు ముందుకి జరిగితే ఒక నవ్వు బొమ్మ, జరక్కపోతే ఒక ఏడుపు బొమ్మ, అంతే. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి తెలియకపోవచ్చు గానీ, ఒకసారి ఆ గడిలో తేదీకి బదులు "సి" అనే ఒక్క అక్షరం పడింది. సి అంటే కరెంట్. వరస లేదు, అందరూ రావచ్చు అని అర్థం. అది 2007 జూలై బులెటిన్. ఆ నెల చరిత్ర మనవాళ్ళు ముక్కలు ముక్కలుగా చెప్పుకుంటారు, పూర్తిగా ఒకచోట పెట్టినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నా.

ముందు ఆ నెల పేపర్లలో ఏముందో చూద్దాం. జూన్ 29న మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. దానికి ఒకరోజు ముందు, జూన్ 28న, బుష్ కోరుకున్న పెద్ద ఇమ్మిగ్రేషన్ బిల్లు సెనేట్‌లో 46-53 ఓట్లతో ఆగిపోయింది. జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయం మీద మండుతున్న జీపుతో దాడి జరిగింది. జూలై 21న హ్యారీ పోటర్ ఆఖరి పుస్తకం విడుదల. 25న మన దేశానికి మొదటి మహిళా రాష్ట్రపతిగా ప్రతిభా పాటిల్ ప్రమాణం చేశారు. 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి అడిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. ఇవన్నీ పెద్ద అక్షరాల వార్తలు. మన వార్తకి వీటి పక్కన చోటు దొరకడం చాలా కష్టం.

మన వార్త జూన్ మధ్యలో మొదలైంది. ఏటా ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. ప్రభుత్వ సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆలోపు వాడని నంబర్లు వృథా అయిపోతాయి. అంతకుముందు అలా వేలల్లో పోయాయి కూడా. ఒకపక్క లక్షల మంది లైన్లో నిలబడి ఉంటారు, ఇంకోపక్క ఆఫీసులో ఫైళ్ళు కదలక నంబర్లు మురిగిపోతుంటాయి. ఈసారి అలా కాకూడదని విదేశాంగ శాఖ గేటు మొత్తం తెరిచింది. జూలై బులెటిన్లో, నైపుణ్యం అక్కర్లేని పనుల విభాగం ఒక్కటి తప్ప, ఉద్యోగ విభాగాలన్నీ కరెంట్ అని ప్రకటించింది. అంటే లేబర్ సర్టిఫికేషన్ చేతిలో ఉన్న ప్రతివాడూ జూలైలో ఐ-485, అంటే గ్రీన్ కార్డు ఆఖరి మెట్టు దరఖాస్తు, వేసుకోవచ్చు.

ఇక పరుగు చూడండి. ఐ-485కి మెడికల్ పరీక్ష కావాలి. అది ప్రభుత్వం గుర్తించిన డాక్టర్లే చెయ్యాలి. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారు కదా, టీబీ చర్మ పరీక్ష చేస్తే చాలామందికి చెయ్యి వాచేది. అది చూడటానికి రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాలి. వాచిందంటే ఛాతీ ఎక్స్‌రే. తర్వాత పుట్టిన సర్టిఫికెట్. మన పల్లెల్లో ఇంట్లో పుట్టినవాళ్ళకి అది ఎక్కడిది? పదో తరగతి సర్టిఫికెట్లోని తేదీయే మనకి పుట్టినరోజు. మండలాఫీసుకో మునిసిపాలిటీకో నాన్నని పంపి "రికార్డు లేదు" అని కాగితం తెప్పించాలి, దానికి తోడు ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు నోటరీ చేయించాలి. ఊళ్ళో ఉన్న భార్యకి టికెట్ కొనాలి, ఎందుకంటే దరఖాస్తు వేసేరోజు మనిషి అమెరికాలో ఉండాలి. లాయర్ ఫీజు, కొరియర్లు, సెలవులు వేరే. సెలవు మీద ఇండియా వెళ్ళినవాళ్ళు మధ్యలో వదిలేసి వెనక్కి వచ్చారు. ఇదంతా రెండు మూడు వారాల్లో.

జూలై 2 సోమవారం. తొలిరోజు అందాలని వారాంతంలోనే పంపిన కవర్లు నెబ్రాస్కా, టెక్సస్ సర్వీస్ సెంటర్లకి చేరుతున్నాయి. అదేరోజు విదేశాంగ శాఖ ఒక సవరణ పెట్టింది. ఇమ్మిగ్రేషన్ సర్వీస్ వాళ్ళు జూన్‌లో ఒక్కసారిగా పాత ఫైళ్ళు క్లియర్ చేసి దాదాపు 60,000 నంబర్లు వాడేశారట, ఇక ఈ ఏడాదికి నంబర్లు లేవట. వెంటనే ఇమ్మిగ్రేషన్ సర్వీస్ కూడా, వచ్చిన దరఖాస్తులు వెనక్కి పంపేస్తాం అంది. ఏళ్ళ తరబడి కదలని ఫైళ్ళని ఆ చివరి శని, ఆదివారాలు కూడా కూర్చుని క్లియర్ చేశారని తర్వాత పత్రికల్లో వచ్చింది. జూలై 30 నుంచి ఐ-485 ఫీజు వేలిముద్రలతో కలిపి 395 డాలర్ల నుంచి 1,010కి పెరగబోతోంది. ఇప్పుడు తిప్పి పంపి, రేపు కొత్త ఫీజుతో తీసుకుంటారా అన్న అనుమానం మనవాళ్ళకి రాకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు అమెరికా పేపర్ల మొదటి పేజీలో ఏముందనుకున్నారు? బుష్ జూలై 2నే లూయిస్ లిబ్బీ జైలు శిక్ష రద్దు చేశాడు, అది. అదే జూలై 2న ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ విమానాశ్రయంలో, గ్లాస్గో దాడితో సంబంధం ఉందన్న అనుమానంతో కర్ణాటక డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌ని పట్టుకున్నారు. కోర్టు బెయిలిస్తే ప్రభుత్వం వర్క్ వీసా రద్దు చేసింది. జూలై 27న కేసే నిలవక ఎత్తేశారు. తర్వాత విచారణలో కూడా ఆయన మీద ఆధారం ఏమీ లేదని తేలింది. ఆ కేసు, మన కేసు ఒకటని అనట్లేదు. ఆయనది జైలు, మనది క్యూ. కానీ పరాయి దేశంలో పనిచేసేవాడికి కోర్టు ఇచ్చినదాన్ని కూడా వీసా కాగితం లాగేసుకోగలదని ఆ నెల అక్కడ చూపించింది. ఇక్కడున్న మనవాళ్ళు ఆ వార్త చదువుతూనే, తాము నోరెత్తాలా వద్దా అని ఆలోచించారు.

చివరికి ఎత్తారు. ఎలాగో చూడండి, అక్కడే అసలు విషయం ఉంది. ముందటి ఏడాది వచ్చిన మున్నాభాయ్ రెండో సినిమాలో గాంధీగిరి గుర్తుందా? అన్యాయం చేసినవాడికి పూలు పంపడం. ఆన్‌లైన్ ఫోరాల్లో ఎవరో ఆ ఊహ చెప్పారు. వందలమంది తలా ఒక పూలగుత్తి ఆర్డర్ చేశారు. జూలై 10న వాషింగ్టన్‌లో ఇమ్మిగ్రేషన్ సర్వీస్ డైరెక్టర్ ఎమిలియో గొంజాలెజ్ పేరిట ఆ పూలు దిగాయి. వాటిని వాల్టర్ రీడ్, బెథెస్డా ఆసుపత్రుల్లో ఉన్న గాయపడ్డ సైనికులకి పంపిస్తామని ఆయన ప్రకటించాడు. లిబ్బీ వార్త పక్కన చోటు దొరకని సంగతి పూల పుణ్యమా అని టీవీల్లోకి, పేపర్లలోకి వచ్చింది. అదే కథ తెలుగులో చిరంజీవితో "శంకర్ దాదా జిందాబాద్"గా జూలై 27న విడుదలైంది. ఇక్కడ థియేటర్లో చూసిన మనవాళ్ళకి ఆ పూల సీను ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

పూలొక్కటే పని చేశాయని మనవాళ్ళు చెప్పుకుంటారు. కథగా బాగుంటుంది గానీ సగమే నిజం. ఆ వారంలోనే షికాగో ఫెడరల్ కోర్టులో కేసు పడింది. వలసదారుల తరఫు లాయర్ల సంస్థ క్లాస్ యాక్షన్‌కి సిద్ధమైంది. హౌస్‌లో ఇమ్మిగ్రేషన్ సబ్‌కమిటీ ఛైర్మన్ జో లాఫ్‌గ్రెన్ మంత్రులకి గట్టిగా ఉత్తరాలు రాసింది. జూలై 14న శాన్ హోసేలో ర్యాలీ జరిగింది. ఏ మెడికల్‌కి ఎంత అయింది, ఏ టికెట్‌కి ఎంత పోయింది అని మనుషులు రసీదులు బయటపెట్టారు. బులెటిన్ చూసి డబ్బు ఖర్చుపెట్టినవాడికి ప్రభుత్వం జవాబు చెప్పాలి అన్న వాదనకి ఆ రసీదులే బలం. పూలు దారి తెరిస్తే, ఆ దారిలో కాగితాలు నడిచాయి.

జూలై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటాం, అదీ పాత ఫీజుకే, అంది. జనం స్పందన చూశాక మళ్ళీ ఆలోచించామని గొంజాలెజే ఒప్పుకున్నాడు.

ఇక్కడ మన పంచాంగం ఒక తిరకాసు పెట్టింది. గ్రీన్ కార్డు వచ్చేలోపు పెళ్లయి ఉంటేనే భార్యకి ఆ దరఖాస్తు మీద దారి. పెళ్లి కుదిరినవాళ్ళు, కుదరబోయేవాళ్ళు కంగారుపడ్డారు. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం జూన్ మధ్యదాకా తినేసింది. జూలై 15 నుంచి ఆషాఢం. గడువు నెలలో దాదాపు మొత్తం ఆషాఢమే. శ్రావణం వచ్చేసరికి మిగిలింది నాలుగు రోజులు, అందులో పెళ్లి, వీసా స్టాంపింగ్, విమానం ఎక్కడ కుదురుతాయి? బ్రహ్మచారులకి ఆ నెల సగం గేటే తెరుచుకుంది.

సరే, ఇంతకీ దొరికింది ఏంటి? గ్రీన్ కార్డు దొరకలేదు. లక్షల్లో దరఖాస్తులు చేరాయి, అక్టోబరు బులెటిన్ నాటికి ఇండియా తేదీ మళ్ళీ ఏళ్ళ వెనక్కి పోయింది. దొరికినవి రెండు. ఒకటి, భార్యాభర్తలిద్దరికీ ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్. హెచ్-4 వాళ్ళకి సొంతంగా పర్మిట్ రావడం 2015 మే దాకా లేదు, కాబట్టి ఇంట్లో కూర్చున్న ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు ఎనిమిదేళ్ళు ముందే పనిలోకి వెళ్ళగలిగారు. రెండోది, 2000లో వచ్చిన ఏసీ-21 చట్టం ప్రకారం ఐ-140 మంజూరై, ఐ-485 వేసి 180 రోజులు దాటితే, అలాంటి పనిలోనే ఇంకో కంపెనీకి మారొచ్చు. వరసలో చోటు పోదు.

దీని విలువ అప్పుడే ఎవరికీ పూర్తిగా తెలీదు. ఎందుకంటే సరిగ్గా అదే జూలై 17న న్యూయార్క్‌లో ఇంకో వార్త వచ్చింది. ఇళ్ళ అప్పుల మీద నడిచే రెండు ఫండ్లలో దాదాపు ఏమీ మిగల్లేదని బేర్ స్టెర్న్స్ తన ఖాతాదారులకి ఉత్తరం రాసింది. రెండు రోజులకే డౌ సూచీ మొదటిసారి 14,000 పైన ముగిసింది, జనం ఆ పండగలో ఉన్నారు. 2008 సెప్టెంబరులో లేమన్ కూలాక గానీ ఆ ఉత్తరం అర్థం కాలేదు. ఉద్యోగాలు పోవడం మొదలయ్యాక హెచ్-1బి వాడికి ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. పింక్ స్లిప్ వస్తే స్టేటస్ ఆరోజే పోయినట్టు. కానీ 2007 వేసవిలో ఐ-485 వేసినవాడు పెట్టె సర్దక్కర్లేదు. ఈఏడీ మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఈలోపు భార్య జీతంతో ఇల్లు నడుస్తుంది. ఒకేరోజు వచ్చిన రెండు వార్తలు ఏడాది తర్వాత మన ఇళ్ళల్లో కలుసుకున్నాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఈరోజు పిల్లల్ని కాలేజీకి పంపుతున్న మన కుటుంబాలు కొన్ని నిలబడింది ఆ రసీదు మీదే.

ఆ గెలుపుకి హద్దు కూడా చెప్పుకోవాలి. వరస ఎందుకుందో ఆ కారణాన్ని ఆ నెల తాకలేదు. 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన చట్టం ఆసియా వాళ్ళకి తలుపు తీసింది, అక్కడి ఏ దేశానికీ ఏటా 20,000 మించకూడదని గీత కూడా గీసింది. అంతకుముందు ఇండియాకి ఉన్న కోటా ఏటా 100 మంది, కాబట్టి అప్పుడది పెద్ద వరమే. 1990 చట్టంలో ఆ గీత ఏడు శాతంగా మారింది. ఐస్‌లాండ్‌కీ ఇండియాకీ ఒకటే ఏడు శాతం. దాన్ని మార్చగలిగింది కాంగ్రెస్ మాత్రమే. పూలగుత్తి ఆఫీసు నిర్ణయాన్ని మార్చగలదు, చట్టాన్ని మార్చలేదు.

ఆఫీసు నిర్ణయం కూడా ప్రతిసారీ మారదు. 2015 అక్టోబరు బులెటిన్ సెప్టెంబరు 9న వచ్చింది, జనం మళ్ళీ మెడికల్స్‌కి పరిగెత్తారు, సెప్టెంబరు 25న దాన్ని సవరించి తేదీలు వెనక్కి తోశారు. ఈసారి సియాటెల్ ఫెడరల్ కోర్టుకి వెళ్ళినా వెంటనే ఆపమన్న విన్నపం నెగ్గలేదు. అదే దెబ్బ, వేరే ఫలితం.

2025 సెప్టెంబరు 19 శుక్రవారం సాయంత్రం గుర్తుందిగా? కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు అన్న ప్రకటన వచ్చింది. విమానం ఎక్కినవాళ్ళు దిగిపోయారు, సెలవులో ఉన్నవాళ్ళు ఉన్నపళంగా టికెట్లు కొన్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి వర్తించదని శనివారం వివరణ వచ్చేసరికి జనం డబ్బు, నిద్ర రెండూ పోయాయి. 2007కీ దీనికీ మధ్య 18 ఏళ్ళు. ప్రకటన ముందు, వివరణ తర్వాత అన్న అలవాటు మారలేదు.

ఆ నెల నుంచి నేను తీసుకున్నది మూడు మాటలు. గేటు తెరిచిన రోజుకి కాగితాలు సిద్ధంగా ఉండాలి. పుట్టిన సర్టిఫికెట్, అఫిడవిట్లు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి, నాన్నలకి వయసు అయిపోతోంది. ఖర్చుపెట్టిన ప్రతి డాలర్‌కీ రసీదు దాచండి, రేపు అదే సాక్ష్యం కావచ్చు. నోరెత్తాల్సి వస్తే ఒక్కడిగా కాకుండా పదిమందితో, లాయర్‌తో, మర్యాదగా ఎత్తండి.

2007 జూలైలో ఫైల్ చేసిన అన్నయ్యలు, అక్కయ్యలు ఈ గ్రూపులో ఇంకా ఉన్నారు. మీ రసీదు మీద ఏ తేదీ పడిందో, ఆ ఈఏడీతో ఇంట్లో ఎవరు మొదట పనిలో చేరారో కింద రాయండి. లైన్లో ఉన్న పిల్లలు చదువుతారు.