విప్పరాని సామాన్లు

ఆ మోడును జెర లోపటికి నూకుండ్రి, మంట అందుకుంటది. పచ్చికట్టె వేయకుండ్రి, కండ్లు మండుతయి. ఆ, ఇగ కూసోండ్రి.

మా కాలంల సామాన్లు గట్టిగుండేటివని ముసలోళ్లందరు అంటరు. నేను గూడ అంట. గని ఎందుకు గట్టిగుండేటివో ఎవ్వరు చెప్పరు. అప్పటోళ్లు దేవుండ్లు, ఇప్పటోళ్లు దొంగలు అనుకుంటె అది తప్పు. అసలు సంగతి వేరే ఉన్నది. బండి గిర్ర చేసే ముచ్చటతోని మొదలువెడ్త, దానితోనయితె మీకు మంచిగ సమజైతది.

మా తాత బండి గిర్ర చేపియ్యాలంటె ముందుగాల నల్లతుమ్మ చెట్టు చూసేటోడు. నిలువుగ పెరిగింది, కణుపులు తక్కువున్నది. కొట్టినంక వెంటనె పని మొదలువెట్టేది గాదు. ఆ దుంగలను తీస్కపోయి చెరువుల ముంచేటోళ్లు. నెలల తరబడి నీళ్లల్లనే. కట్టెల ఉన్న పసరంత నీళ్లల్ల దిగిపోతది, పసరు పోతె పురుగు పట్టది. తీసినంక నీడకు ఆరవెట్టేది, ఎండల వెడితె పగుల్తది. నాట్లు మీదికొచ్చినయి, జెల్ది చెయ్యి అని ఎవ్వరన్న తొందరవెడ్తె వడ్లాయన ఉలి ముట్టకపోయేది. "పచ్చికట్టెతోని చేస్తె ఎండకాలం రాంగనె ఆకులు ఊగుతయి. మల్ల నా ఇంటికే తెస్తరు గద" అనేటోడు. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి. మల్ల దీని కాడికే వస్త.

ఆకులంటె గిర్ర నడిమి నుంచి చుట్టూర పోయేటివి. వాటి కొసలు దిగేటివి పూటీలు. పూటీలన్ని కలిస్తెనె గుండ్రంగ అయితది. మేకులు కొట్టేది గాదు. తొలిచిన బొక్కలల్ల కొసలు దిగగొట్టుడే. దాని మీద ఇనుప పట్టా ఎక్కించేది కమ్మరాయన. గిర్ర చుట్టుకొలత తీసి, పట్టాను మాత్రం దానికంటె జెర తక్కువగ అతికేటోడు. చిన్నదాన్ని పెద్దదానికి ఎట్ల ఎక్కిస్తడో నాకు సమజయ్యేది గాదు. పట్టాను నేలమీద పరిచి, మీద పిడకలు పేర్చి అంటువెట్టేటోళ్లు. ఎర్రగ కాలినంక ఇనుము సాగుతది. అప్పుడు నలుగురు పట్టకార్లతోని లేపి గిర్ర మీదికి దించేటోళ్లు. కట్టె అంటుకొని పొగ లేసేది. ఆలస్యం చేస్తె కట్టె కాలుతది, అందుకని వెంటవెంటనె బొక్కెనలతోని నీళ్లు గుమ్మరిచ్చేది. ఇనుము సల్లబడ్డకొద్ది దగ్గరికొచ్చి ఆకులను, పూటీలను కలిపి బిగవట్టేది. లోపట కట్టె కిర్రుమనేది. ఆ సప్పుడు వినంగనె కమ్మరాయన తలకాయ ఊపేటోడు, పని కుదిరిందని. తర్వాత నేను బడిల సైన్సు చెప్పేటప్పుడు, వ్యాకోచం పాఠానికి పుస్తకంల ఉన్న ఇత్తడి గుండు, కడెం ప్రయోగం పక్కకు వెట్టి ముందుగాల ఈ ముచ్చటే చెప్పేది. పిల్లలు మరిచిపోకపోయేది.

అట్ల చేసిన గిర్రలు మా తాత తర్వాత మా బాపు నడిపిచ్చిండు, బాపు తర్వాత నేను నడిపిచ్చిన. పట్టా ఒదులైతె కోసి మల్ల అతికిచ్చినం. ఆకు ఇరిగితె ఆ ఒక్క ఆకే మార్చినం. మొత్తం గిర్రను పారేసుడు అనేదే మా ఇంట్ల ఎవ్వరికి తెల్వది.

ఇగ ఎందుకు గట్టిగుండేటివో చెప్త. కొత్త బండి చేస్తె వడ్లాయనకు వేరే ఇచ్చేది. గని నాగండ్లు, కర్రులు, కొడవండ్లు ఏడాది పొడుగూత బాగుచేసినందుకు ఒక్కొక్కదానికి పైసలు లెక్కవెట్టేది గాదు. పంట వచ్చినప్పుడు కల్లం కాడ గింజలు కొలిచేటోళ్లు. అందుకే వాళ్లను ఊరి ఆయగాండ్లనేది. కర్రు మాటిమాటికి మొద్దుబారినా గవ్వే గింజలు, వానకాలమంత ఒక్కసారి గూడ మొద్దుబారకున్నా గవ్వే గింజలు. అంటె ఏందన్నట్టు? చెడిపోతె కమ్మరాయన కొలిమే మల్ల అంటువెట్టాలె, ఆయన రెక్కలే నొయ్యాలె. గట్టిగ చేస్తె ఆయనకే నిమ్మలం. వడ్లాయన పచ్చికట్టె ముట్టకపోయేది గూడ ఇందుకే. ఇప్పుడు లెక్క తిరగవడ్డది. సామాను చెడిపోతెనె చేసినోనికి ఇంకోటి అమ్ముడుపోతది. మనుషుల గుణం మారిందని నేను అనను బిడ్డా, లాభం ఎక్కడున్నదో ఆ జాగ మారింది.

అయితె ఆ కాలం మంచి కాలమని మాత్రం నాతోని అనిపియ్యకుండ్రి. మోట బొక్కెన ఎట్ల చేసేటోళ్లో మీరు చూడలే. తోలును సున్నంల నానవెట్టి, బూరు గీకి, తంగేడు చెక్క రసంల దినాల తరబడి ఊరవెట్టి, మాదిగ పెద్దమనుషులు మోట కుట్టేటోళ్లు. వాసనకు దగ్గర నిలవడరాకపోయేది. ఆ పనిల వాళ్ల చేతులు పగిలేటియి. ఆ బొక్కెన పొద్దంత బాయిల మునిగి నీళ్లు తెచ్చేది. దాన్ని కుట్టిన మనిషిని మాత్రం బాయి గట్టు ఎక్కనియ్యకపోయేది. దప్పికైతె దోసిట్ల పైనుంచి పోసేటోళ్లు. మా ఇంటోళ్లు గూడ గట్లనే చేసిండ్రు. కల్లం కాడ వాళ్లకు కొలిచే గింజలల్ల తాలు కలిసేది, వెట్టి వేరే చేయించుకునేటోళ్లు. గంత గట్టి సామాను చేసినోళ్ల గుడిసెలు వానకు కురిసేటియి. ఆ బతుకు ఎవ్వరికి మల్ల రావద్దు. ఇసుర్రాయి గూడ గంతే. అది అరగది, ఇరగది, గని తెల్లారకముందు లేసి జొన్నలు విసిరి విసిరి మా అవ్వ చేతులు కాయలు కాసినయి. మీ అమ్మ పిండి గిర్నికి పోతది, మిక్సీ వాడుతది, నాకు సంతోషం. పాత సామాను మల్ల తెమ్మని నేను అనుడు లేదు. చేసినోడు చేసినదానికి జవాబు చెప్పే పద్ధతి తెమ్మంటున్న.

నేను కప్పుకున్న ఈ గొంగడి చూడుండ్రి. పట్టుకోండ్రి, బరువుంటది. కురుమోళ్లు నేసింది. దక్కనీ నల్లగొర్రెల బొచ్చు కత్తిరిచ్చి, ఆడోళ్లు వడికితె, మొగోళ్లు మగ్గం మీద నేసేటోళ్లు. చింతగింజలు వేంచి, పొట్టు తీసి, నానవెట్టి, దంచి, ఉడకవెట్టి, ఆ గంజిని నూలుకు వట్టించేది. అందుకే దారం గట్టిపడి తెగది. వానకాలం దీన్ని కొప్పెర వేసుకొని పొలంల నిలవడితె నీళ్లు పైనుంచి జారిపోయేది గని ఒంటికి తగలకపోయేది. చలికాలం కప్పుకునేది, ఎండకాలం పరుచుకునేది. ఒక గొంగడి ఇరువై ఏండ్లు ఇంట్ల ఉండుడు మామూలు ముచ్చట. ఇప్పుడు దొరుకుడు కష్టమైంది. కూర కోసమని అందరు ఎర్రగొర్రెలను పెంచవట్టిరి, వాటికి బొచ్చు ఉండది. బొచ్చు అమ్మితె కత్తిరిచ్చిన కూలి గూడ ఎల్లకపాయె. సంతల తెచ్చిన రంగు దుప్పటేమో రెండు చలికాలాలకే ఉండలు కట్టి పలుచనైతది. దాన్ని కప్పుకున్న మనుమండ్లు చలికి ముడుచుకొని పండుకుంటె నాకు పానం ఉసూరుమంటది.

మన దిక్కు గట్టి పనికి ఎంత పేరుండెనో మీకు తెల్వాలె. కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఉన్నది గద, ఆ ఊర్ల ఒకప్పుడు మట్టిమూసలల్ల ఇనుమువెట్టి, మూతి మూసి, కొలిమిల కాల్చి ఉక్కు తీసేటోళ్లు. ఆ ఉక్కు పర్షియా దాక పోయేది, అక్కడ కత్తులయ్యేది. వాయ్సీ అనే ఇంగ్లీషు ఆయన వచ్చి, కొలిమి కాడ చూసింది చూసినట్టు రాసిపెట్టిండు. ఆయన సచ్చిపోయినంక 1832ల అది అచ్చయింది. పర్షియా వర్తకులు అంత దూరంనుంచి వచ్చి ఆ ఊర్లనే మకాం వెట్టేటోళ్లు, పని దగ్గర నిలవడి సరుకు చూసుకునేటోళ్లు. కొనేటోడు కొలిమి ముంగట నిలవడ్డంక నాసిరకం ఎట్ల అంటగడ్తరు?

చేతిపనే గట్టిది, కంపెనీ సరుకంత నాసిది అని గూడ అనుకోకుండ్రి. నా పెండ్లికి పెట్టిన గడియారం హెచ్ఎంటి. 1961ల జపాన్ సిటిజన్ కంపెనీతోని కలిసి బెంగళూరుల ఆ గడియారాలు చేసుడు మొదలువెట్టిండ్రు. పొద్దున లేసి చాబి ఇస్తె చాలు, సెల్లు లేదు, ఏం లేదు. ఆగితె జగిత్యాలల బాగుచేసేటాయన వెనుక మూత విప్పి, దుమ్ము తుడిచి, అరిగిన చిన్న చక్రం మార్చి చేతుల వెట్టేటోడు. ఆ గడియారాల కంపెనీని మూసెయ్యాలని 2016ల సర్కారు నిర్ణయం చేసింది. నా చేతిది ఇప్పటికి నడుస్తుంది. హైదరాబాదుల ఆల్విన్ గూడ గట్లనే. 1942ల, నిజాం కాలంల పెట్టిండ్రు. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్జులు చేసిండ్రు. మీ చిన్నతాత ఇంట్ల ఆల్విన్ బీరువా ఉన్నది చూడుండ్రి, తలుపు వేస్తె ఇప్పటికి సందు లేకుంట కూసుంటది. యంత్రంతోని గూడ గట్టి సామాను చేయవస్తది. చెయ్యాలనే మనసుండాలె.

మొన్న నేను కొన్న ఛార్జింగ్ టార్చిలైటు సంగతి మీకు తెలుసు. రాత్రిపూట మోటరు కాడికి పోతె పాములు, తేళ్లు, టార్చి లేకుంటె అడుగు వెయ్యరాదు. ఏడాది గూడ కాలే, బ్యాటరీ పట్టుడు బంద్ చేసింది. లైటు బాగనే ఉన్నది, బటన్ బాగనే ఉన్నది, పైన డొప్ప కొత్తగనే ఉన్నది. బ్యాటరీ ఒక్కటి మారిస్తె అయిపోవు. గని విప్పుదామంటె ఒక్క బోల్టు లేదు. అంత గమ్మువెట్టి అతికిచ్చిండ్రు. బలంగ విప్పబోతె డొప్ప పగిలింది. నా దగ్గర పాత ఎవరెడీ టార్చి ఉండె, ఇత్తడి గొట్టందే. వెనుక మూత తిప్పితె సెల్లులు, ముందు మూత తిప్పితె బల్బు. ఎవ్వరికి చెప్పాల్సిన పని లేదు, చిన్నపోరడు గూడ మారుస్తడు. ఆ కొత్త టార్చిని గీసినోనికి బోల్టు వెట్టుడు రాకనా? వచ్చు. వెట్టలే. నాకు కోపమొచ్చింది అక్కడనే. అరిగిపోయిన సామాను మీద నాకు కోపం లేదు, అన్ని అరుగుతయి. విప్పకుంట మూసేసిన సామాను మీదనే కోపం.

ఇది ఇయ్యాల పుట్టిన బుద్ధి గాదు. 1924 డిసెంబరుల జెనీవాల పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు ఒక్క కాడ కూసోని ఒప్పందం చేసుకున్నయి. ఫీబస్ అని పేరు వెట్టుకున్నరు. అప్పటికి పదిహేనువందలు, రెండువేల గంటలు వెలిగే బల్బులు ఉండె. ఇకమీద వెయ్యి గంటలకంటె ఎక్కువ వెలగొద్దన్నరు. కార్ఖానాల నుంచి బల్బులు తెప్పిచ్చుకొని పరీక్ష చేసి, ఎక్కువ కాలం వెలిగితె ఆ కంపెనీకి జరిమాన వేసిండ్రు. వెలుతురు పెంచనీకె అట్ల చేసినమని చెప్పుకున్నరు. సన్నగ వెలిగే బల్బు ఎక్కువ కాలం ఉంటదనేది నిజమే, సైన్సు పాఠం చెప్పినోన్ని, నాకు తెలుసు. మరి వెలుతురు కోసమే అయితె, ఎక్కువ దినాలు వెలిగినందుకు జరిమాన ఎందుకు? దానికి జవాబు లేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినంక ఆ ఒప్పందం చెదిరిపోయింది గని, ఆ ఆలోచన చెదరలే.

సామానుతోని పాటు బాగుచేసేటోళ్లు గూడ పోయిండ్రు. కళాయి పెట్టేటాయన వచ్చేది. వాకిట్ల గుంత తవ్వి, తిత్తి ఊదుకుంట, నవసాగరం చల్లి, తగరం కరగవెట్టి ఇత్తడి గిన్నె లోపలంత పత్తితోని రుద్దేటోడు. నల్లగున్న గిన్నె తెల్లగ మెరిసేది. గొడుగు పుల్లలు వేసేటోళ్లు, ఇసుర్రాళ్లకు గంట్లు కొట్టేటోళ్లు వచ్చేది. ఇత్తడి బిందె పగిలితె అతికిచ్చేది, ఇగ అతకకపోతె తూకానికి అమ్మితె పైసలు వచ్చేటియి. ఇప్పుడు ప్లాస్టిక్ బకీటు చెవి ఇరిగితె పెంటకుప్పల వేస్తున్నం. ఆ కుప్పల బర్రెలు తిని సస్తున్నయి.

గని దిక్కు లేదని కూసోవద్దు. ఫ్రాన్సుల 2021ల ఫోన్లు, టీవీలు, వాషింగ్ మిషన్లు అమ్మాలంటె, బాగుచేసుకోను అది ఎంత అలకనో పదికి మార్కులేసి మీద రాయాలని రూలు తెచ్చిండ్రు. మన కేంద్ర సర్కారు గూడ 2022 జులైల ఒక కమిటీ వేసింది, కొన్నోళ్లకు బాగుచేసుకునే హక్కు ఎట్ల కల్పియ్యాలె అని. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, ఈ నాలుగు చెప్పిండ్రు. మొదటి పేరు వ్యవసాయ పనిముట్లే. అది చట్టం కావాలె. కావాలంటె కొనేటోళ్లు అడగాలె.

మీరు సదువుకున్నోళ్లు, పట్నంల ఉద్యోగాలు చేస్తరు, నేను కొన్నదానికంటె వందరెట్లు కొంటరు. ఏది కొన్నా దుకాణంల బోర్లించి చూడుండ్రి, బోల్టులున్నయా లేవా అని. దీని సామాను ఎక్కడ దొరుకుతదో, ఎవ్వరు బాగుచేస్తరో సేటును అడుగుండ్రి. జవాబు రాకపోతె అక్కడనే పెట్టి రాండ్రి. బస్టాండు కాడ మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే పిల్లగాడున్నడు గద, వాని దుకాణానికి పోండ్రి. కొత్తదానికి సగం ధర అడిగినా ఇయ్యుండ్రి. వాడు గూడ షట్టర్ దించిండంటె మన ఊర్ల ఇరిగినదాన్ని విప్పేటోడు ఒక్కడు ఉండడు.